కండక్టర్ పద్మారాణి, కుంగ్‌ఫూ మురహరి

వికారాబాద్ నుంచి తాండూరు పోయే బస్సులు చాలానే ఉన్నాయి కానీ, పద్మారాణి కండక్టరుగా ఉన్న బస్సులో మాత్రం ఫుట్‌బోర్డు మీద ఎవరూ నిలబడరు. కాలేజీ పిల్లలు కూడా లోపలికి జరిగి, బ్యాగులు కడుపు మీద పెట్టుకుని బుద్ధిమంతుల్లా నిలబడతారు. ఆమె అరవదు, తిట్టదు. ఒకసారి వాళ్ళ వైపు, ఒకసారి తన కుడికాలి వైపు చూసుకుంటుంది. అంతే. ఆ కుడికాలి గురించి ఆ దారి పొడుగునా చెప్పుకునే కథల్లో సగం అబద్ధాలు. మిగతా సగం ఆమె స్వయంగా ప్రచారంలో పెట్టినవి.

నిజంగా జరిగింది ఇది.

పద్మారాణి పుట్టింది నవాబుపేట దగ్గరి ఒక పల్లెలో. తండ్రి ఇమ్మానుయేలు ఒక పటేలు దగ్గర పాలేరుగా జీతం ఉండేవాడు. తల్లి భాగమ్మ కూలికి పోయేది. ఆదివారం పొద్దున చర్చి, మధ్యాహ్నం వికారాబాద్‌లో సినిమా, ఇమ్మానుయేలుకు రెండూ తప్పని నియమాలు. భాగమ్మకు సినిమా హాల్లో తల తిరిగేది కాబట్టి, తోడుకని కూతుర్ని సైకిలు మీద కూర్చోబెట్టుకుని పోయేవాడు. ఆ పిల్లకు పదకొండో ఏట తెర మీద కుంగ్‌ఫూ మురహరి కనిపించాడు.

మురహరి అంటే ఇప్పటివాళ్ళకు తెలియకపోవచ్చు. ఎనభైల్లో ఆయన సినిమాకు పోయి కథ ఏమిటని అడిగేవాడిని పక్కవాళ్ళు జాలిగా చూసేవారు. చెల్లెలు చచ్చిపోతుంది, లేదా గురువు చచ్చిపోతాడు. నిర్మాత కాస్త ఉన్నవాడైతే ఇద్దరూ పోతారు. అప్పుడు మురహరి చొక్కా విప్పుతాడు. విప్పినవాడు ఇక శుభం కార్డు దాకా తొడుక్కోడు. గాలిలోకి లేచి, అక్కడ కాసేపు ఆలోచించుకుని, నలుగురిని తన్ని నింపాదిగా కిందికి దిగుతాడు. ఏడుపు సీనులోనూ పిడికిలి బిగిస్తాడు, ప్రేమ సీనులోనూ పిడికిలి బిగిస్తాడు. పాటల్లో హీరోయిన్లు ఎందుకైనా మంచిదని కొంచెం దూరంగా నిలబడి ఆడేవారు.

పద్మారాణికి అవన్నీ పట్టలేదు. ఆ కాలు ఒక్కటే పట్టింది. కంది కోసిన చేలల్లో మోళ్ళను తన్నడం మొదలుపెట్టింది. ఇంటి వెనక ఆరబెట్టిన కందికట్టె మోపులను ఒకటొకటే పడగొట్టేది.

"ఆడపిల్లవానే నువ్వు, గాడిదవా?" అని భాగమ్మ చీపురు తీసుకుని వెంటపడేది.

పాస్టరుగారు ఒకసారి ఇమ్మానుయేలును పక్కకు పిలిచాడు. "ఇమ్మానుయేలూ, చేతులారా పిల్లను పాపంల దింపుతున్నవ్."

"అయ్యగారూ, గా సినిమాల గూడ మంచోడే గెలుస్తడు గద," అన్నాడు ఇమ్మానుయేలు. "మీరు చెప్పేది గదే, ఆయన చూపిచ్చేది గదే. జర జల్దీ చూపిస్తడు."



పదిహేనో ఏట పద్మారాణి తాండూరులో ఉండే మేనత్త శాంతవ్వ ఇంటికి పోయింది. ఆ వారమే మురహరి 'ఎగిరే పాదం' విడుదలైతే ఇద్దరూ పోయారు. టికెట్ల దగ్గర ఆడవాళ్ళ వరుస, మగవాళ్ళ వరుస ఆనుకునే ఉండేవి. తోపులాటలో వెనక నుంచి ఒక చెయ్యి వచ్చింది. మొదటిసారి పొరపాటేమో అనుకుంది. రెండోసారి అనుకోలేదు. ఎడమకాలు నేలకు నాటి, నడుము తిప్పి, కుడి మడమతో పక్కకు తన్నింది. వాడు వెనక్కి పోయి పోయి పల్లీల బండి మీద పడ్డాడు. నుదుటికి మురహరి కట్టుకునే ఎర్రగుడ్డే కట్టుకుని ఉన్నాడు పాపం, తనూ అభిమానే.

వరుసలో ఎవరో ఈల వేశారు. గేటు దగ్గరి ముసలాయన ఏమీ అడగకుండా తలుపు తీసి పట్టుకున్నాడు. లోపల కూర్చున్నాక ఆమెకు వణుకు పట్టుకుంది. శాంతవ్వ చెయ్యి పట్టుకుని ఇంటర్వెల్ దాకా వణుకుతూనే ఉంది. మొదటి సగం చూడటానికి మర్నాడు మళ్ళీ పోవలసి వచ్చింది.

ఈ సంగతి ఆమెకంటే ముందు నవాబుపేట చేరింది. సంబంధాలు వచ్చేవి, కాలు సంగతి తెలియగానే పోయేవి. చివరికి తాండూరు నుంచి నాపరాళ్ళ లారీ నడిపే నర్సప్ప వచ్చాడు. గట్టిగా మాట్లాడితే తనే ఉలిక్కిపడే మనిషి.

"తంతవట గద?" అని అడిగాడు.

"అవసరం వడితే."

"నాతోని అవసరం వడనియ్య," అన్నాడు నర్సప్ప. పెళ్ళయిపోయింది. ఇరవై ఏడేళ్ళుగా ఆ మాట మీదే నిలబడ్డాడు. ఆమెతో సినిమాకు పోతాడు, ఫైటింగు మొదలుకాగానే నిద్రపోతాడు. పెళ్ళయిన మరుసటేడు పద్మారాణికి కండక్టరు ఉద్యోగం వచ్చింది.

తాండూరులో 'మురహరి యువసేన' అని ఒక అభిమాన సంఘం ఉంది. ఒకప్పుడు రెండు వందల మంది ఉండేవారు. ఇప్పుడు యువసేనలో పదకొండు మంది మిగిలారు, అందరికంటే చిన్నవాడికి యాభై రెండు. ఇద్దరికి గుండెలో స్టెంట్లు ఉన్నాయి. అధ్యక్షుడు చంద్రశేఖర్, నాపరాయి పాలిషింగు యూనిటు ఓనరు, భూములున్న కుటుంబం వాడు. కార్యదర్శి కిష్టప్పకు బస్టాండు దగ్గర టీ హోటలు ఉంది. పద్మారాణి చేరతానన్నప్పుడు మగవాళ్ళ మధ్య కూర్చోబెట్టుకోవడం ఎట్లాగో తెలియక ఆమె కోసం మహిళా విభాగం పెట్టారు. దానికి అధ్యక్షురాలు, కార్యదర్శి, సభ్యురాలు అన్నీ ఆమే. మహిళా విభాగం సమావేశాలు ఆమె డ్యూటీ దిగి ఇంటికి నడిచిపోయేటప్పుడు జరిగేవి. తీర్మానాలన్నీ ఏకగ్రీవం.

అట్లా ఏకగ్రీవంగా చేసిన తీర్మానమే మురహరి నలభై ఏళ్ళ సినీ జీవితానికి సన్మానం. కిష్టప్ప హోటల్లో ఆమె ఆ మాట చెప్పింది. పదిహేను రోజుల తరువాత అది చంద్రశేఖర్ ఆలోచనగా ఊరంతా తెలిసింది. ఫంక్షన్ హాలు మాట్లాడారు. ఫ్లెక్సీలు కట్టారు. ఫ్లెక్సీలో చంద్రశేఖర్ నిలువెత్తు ఉన్నాడు, కిష్టప్ప నడుము దాకా ఉన్నాడు, మురహరి పైన ఒక మూల పోస్టు బిళ్ళంత ఉన్నాడు.

"నేనేడున్న సార్?" అంది పద్మారాణి.

"కింద మహిళా విభాగం అని ఏసినం గద పద్మా," అన్నాడు చంద్రశేఖర్. "నువ్వొక్కదానివే గద, అందరికి తెలుస్తది."

"నేను మాట్లాడుత సార్. నాలుగు పేజీలు రాసుకున్న."

"నువ్వు బొకే ఇయ్యి. మాట్లాడేటందుకు మేం లేమా?"

పైగా పెళ్ళిళ్ళ సీజను కాబట్టి సన్మానం రోజుకు సెలవు దొరకలేదు. సాయంత్రం అయిదు దాటాక బస్సు తాండూరు చేరితే, అక్కడ దిగి, యూనిఫాంతోనే బొకే ఇవ్వాలి. నాలుగు పేజీలు మడిచి టికెట్ల సంచిలోనే పెట్టుకుంది. పారేయడానికి మనసొప్పలేదు.

సన్మానం రోజు నాలుగింటికి బస్సు వికారాబాద్ వదిలి అనంతగిరి ఘాటు ఎక్కుతోంది. ఒక మలుపులో తెల్లకారు ఆగి ఉంది, బానెట్ నుంచి పొగ. కారు పక్కన నల్లకోటు, నల్లకళ్ళద్దాల ముసలాయన ఒకాయన అరటిపళ్ళ సంచి పట్టుకుని, ఎదురుగా కూర్చున్న కోతిని బెదిరిస్తున్నాడు. ఎడమచెయ్యి ముందుకు చాచాడు. కుడిచెయ్యి చెవి దగ్గర పెట్టాడు. మోకాళ్ళు కొంచెం వంచాడు. కోతి తల గీరుకుంటూ చూస్తోంది.

ఆ నిలబడే తీరు పద్మారాణికి తెలుసు. 'ఏడో దెబ్బ'లో, సున్నపు బట్టీ దగ్గర, వర్షంలో.

"భీమన్నా, ఆపు!" అని అరిచింది. డ్రైవరు భీమప్ప ఎవరో పడిపోయారనుకుని గట్టిగా బ్రేకు వేశాడు. బస్సంతా ముందుకు ఊగింది.

పద్మారాణి దిగి పరుగెత్తింది. "మురహరి సార్!"

"అవునమ్మా, నేనే," అన్నాడాయన చేతులు దించకుండా. "ముందు ఆ కోతి సంగతి చూడు."

ఆమె టికెట్ల సంచి ఊపి "హుష్!" అంది. కోతి వెళ్ళిపోయింది. మురహరి మోకాళ్ళు నిలబెట్టడానికి మాత్రం కారు తలుపు పట్టుకోవలసి వచ్చింది. కారు డ్రైవరు మెకానిక్కు కోసం ఆగిపోయాడు. ముఖ్య అతిథి బస్సెక్కాడు.

తన సీటులో కూర్చోబెట్టి, పద్మారాణి మిషన్ తీసింది. "తాండూరుకే గద సార్? టికెట్."

మురహరి అటూ ఇటూ చూశాడు. "నేను ముఖ్య అతిథినమ్మా."

"ఆడోళ్ళకు ఫ్రీ సార్. ముఖ్య అతిథులకు గాదు."

ఆయన జేబులన్నీ తడుముకుని టికెట్ తీసుకున్నాడు. వెనక సీట్లో ఆకుకూరల గంపతో కూర్చున్న ముసలామె అప్పటిదాకా పరీక్షగా చూసి, పక్కామెను పొడిచింది. "గీయన టీవీల మోకాళ్ళ నూనె అమ్మే తాత గాదా?"

"గాయనే!"

"తాతా, గా నూనె పని జేస్తదా?"

మురహరి నిజాయితీగా తల అడ్డంగా ఊపాడు. "నాకు సీసా ఇవ్వలేదమ్మా. ఫొటోలు తీసుకుని పంపించేశారు."

బస్సు నవ్వింది. పద్మారాణికి కోపం వచ్చింది. ఆయన ఎవరనుకుంటున్నారని వాళ్ళకు డెబ్భై నాలుగు సినిమాల పేర్లు చెప్పబోయి, పది చెప్పేసరికి వాళ్ళు కిటికీలోంచి చూడటం మొదలుపెట్టారు. పోనీలే అని ఆయన పక్కన రాడ్డు పట్టుకుని నిలబడింది. ముప్పై అయిదేళ్ళుగా అడగాలనుకున్న మాట అడిగింది.

"సార్, 'ఎగిరే పాదం'ల గా జీపు మీదికెళ్ళి ఎట్ల దుంకిండ్రు సార్?"

"అది నేను కాదమ్మా. ఆరుముగం అని డూపు. నాకు ఎత్తంటే భయం. స్టూలెక్కినా కళ్ళు తిరుగుతాయి."

"మరి మేడ మీదికెళ్ళి దుంకుడు?"

"ఆరుముగమే."

"రైలు మీద ఫైటింగు?"

"రైలే లేదు. చెక్కపెట్టె మీద నిలబెట్టి చెట్టుకొమ్మలు వెనక్కి లాగారు."

"ఏంది సార్ గిది!" అంది. "మరి మీరేం జేసిండ్రు?"

మురహరి కోటు సర్దుకున్నాడు. "చొక్కా విప్పాను."

ఆమె వెనక్కి పోయి, ధారూరులో ఎక్కినవాళ్ళందరికీ టికెట్లు కొట్టింది. అవసరమైనదానికంటే ఎక్కువ గట్టిగా కాగితం చింపింది. ముసలాయన మెడ వెనక్కి తిప్పి ఆమెనే చూస్తున్నాడు. ఆమె మళ్ళీ ముందుకు వచ్చినప్పుడు చిన్నగా అన్నాడు. "నేల మీద నిలబడి పక్కకు తన్నేది మాత్రం నాదేనమ్మా. దాన్ని ఆరేళ్ళు నేర్చుకున్నాను. దానికి డూపు లేడు."

"ఎడమకాలు నాటి, నడుం తిప్పి, మడమతోని?"

"అదే."

పద్మారాణి గుండెల మీది బరువు దిగింది. అప్పుడు చెప్పింది ఆయనకు, తాండూరు హాలు, వరుస, చెయ్యి, మడమ. మురహరి నల్లకళ్ళద్దాలు తీసేశాడు.

"తగిలిందా?"

"తగలక? పల్లీల బండి మీద వడ్డడు సార్."

"నలభై ఏళ్ళలో నేను వెయ్యి మందిని తన్ని ఉంటాను," అన్నాడు మురహరి. "ఒక్కడికి తగల్లేదమ్మా. జానెడు ముందర కాలు ఆపాలి, అవతలివాడు తనంతట తనే ఎగిరి పడాలి. అదే మా విద్య. పొరపాటున తగిలితే ఆ ఫైటరు ఇంటికి పోయి క్షమాపణ చెప్పుకోవాలి. అసలు తగిలితే ఎట్లా ఉంటుందో నాకు తెలియనే తెలియదు." ముందుకు వంగి, "మళ్ళీ చెప్పు. చెయ్యి వచ్చిన దగ్గరి నుంచి చెప్పు," అన్నాడు.

తాండూరు వచ్చేలోపు రెండుసార్లు చెప్పించుకున్నాడు.

ఫంక్షన్ హాలు దగ్గర కారు కోసం బాజాలతో ఎదురుచూస్తున్న యువసేన, బస్టాండు వైపు నుంచి ముఖ్య అతిథి కండక్టరుతో నడిచి రావడం చూసి తికమకపడింది. టపాకాయలు ఆలస్యంగా పేలాయి. వేదిక మీద చంద్రశేఖర్ అరగంట మాట్లాడాడు. అందులో ఇరవై నిమిషాలు తన యూనిటు గురించి. మిగతా పది నిమిషాల్లో మురహరికి మూడు సినిమాలు ఎక్కువ అంటగట్టాడు, అవి వేరే హీరోవి. కింద నిలబడ్డ పద్మారాణి ప్రతిసారీ "కాదు, కాదు" అని పైకే అంది.

తరువాత చంద్రశేఖర్ మైకు గట్టిగా పట్టుకున్నాడు. "ఇప్పుడు మన హీరో మన తాండూరు నాపరాయిని ఒక్క దెబ్బతోని పగలగొడుతడు!"

హాలంతా ఈలలు. రెండు చేతుల వెడల్పు బండ ఒకటి తెచ్చారు. నిజానికి యూనిటులో ఒక బండకు వెనక గాడి కొట్టించి, తాకితే విరిగేట్టు చేయించి పంపారు. ఆ బండను వంటవాళ్ళు బాగారన్నం గిన్నె కింద పెట్టుకున్నారు. వేదిక ఎక్కింది మామూలు బండ. ఆ సంగతి ఎవరికీ తెలియదు.

మురహరి బండను చూశాడు, తన వేళ్ళను చూసుకున్నాడు. కీళ్ళ నొప్పులతో అవి పొద్దున బొత్తాం పెట్టుకోవడానికే ఒప్పుకోవు. మైకు తీసుకున్నాడు. "నా విద్య దెబ్బ ఆపే విద్య. తగిలించే విద్య వచ్చిన శిష్యురాలు ఒకామె ఉంది," అని పద్మారాణి వైపు చెయ్యి చూపించాడు.

"వామ్మో, సార్, వద్దు! బీపీ ఉన్నది నాకు!" అంది పద్మారాణి. కానీ హాల్లో సగం మంది రోజూ ఆమె బస్సెక్కేవాళ్ళే. వాళ్ళంతా లేచి నిలబడి అరుస్తున్నారు. వెనక వరుసలో నర్సప్ప రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

చెప్పులు విడిచి వేదిక ఎక్కింది. బండను ఒక పక్క కిష్టప్ప, ఒక పక్క చంద్రశేఖర్ పట్టుకున్నారు. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుంది. ఎడమకాలు నాటింది. యాభై ఏళ్ళ నడుము కరకరమంటూ తిరిగింది. మడమ పోయి బండ నడిమధ్య తగిలింది.

బండ పగల్లేదు. బండకు ఏమీ కాలేదు. కిష్టప్ప తెలివిగా చేతులు వదిలేశాడు. చంద్రశేఖర్ వదల్లేదు. బండతో సహా మూడడుగులు వెనక్కి పోయి, ముఖ్య అతిథి కోసం వేసిన ఎర్రమఖ్మల్ సింహాసనంలో కూలబడ్డాడు. సింహాసనం నెమ్మదిగా వెనక్కి ఒరిగింది. అధ్యక్షుడి తెల్లబూట్లు రెండూ హాలుకు బాగా కనిపించాయి.

అంత చప్పట్లు తాండూరులో మురహరి సినిమాలకు కూడా పడలేదు. మురహరి కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఆ సందట్లో పద్మారాణి ఒంటికాలి మీద కుంటుకుంటూ పోయి మైకు పట్టుకుంది. నాలుగు పేజీలు తీసింది. మొదటి పేజీలోనే జీపు ఉంది, మేడ ఉంది, రైలు ఉంది. చదవబోయి ఆగి ఆయన వైపు చూసింది. ఆయన 'చెప్పెయ్యి' అన్నట్టు తల ఊపాడు. కాగితాలు మడిచి మళ్ళీ సంచిలో పెట్టుకుంది.

"సార్ జీపు మీదికెళ్ళి దుంకలేదంట," అంది. హాలు గొణిగింది. "దుంకినాయన పేరు ఆరుముగం. మనం గాయనకు గూడ నలభై ఏండ్ల సంది సప్పట్లు బాకీ. కొట్టుండ్రి." కొట్టారు. "గాయన బాగున్నడా సార్?"

"చెన్నైలో ఉన్నాడు," అన్నాడు మురహరి పక్క నుంచి. "వాడి మోకాళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి."

"సార్ సినిమాలు మంచిగుంటయని నేను చెప్పను. ఒక్కోటి ఏడుసార్లు చూసిన, నాకు తెల్వదా? కథ లేదు, పాటలు చెవులు మూసుకునుడే. గని మాదిక్కు ఆడపిల్లల కాళ్ళు ఇంటికెళ్ళి చేనుకు, చేనుకెళ్ళి ఇంటికి నడిచేటందుకే అనుకునేటోళ్ళు. గా కాళ్ళకు ఇంకో పని గూడ ఉన్నదని నాకు చూపించినోడు గీయనొక్కడే. నేర్పుతున్న అని ఆయనకే తెల్వదు. గంతే సార్. మస్తు థాంక్స్."

మురహరి ముందుకు వచ్చాడు. ఏదో అనబోయి, అలవాటు కొద్దీ పిడికిలి బిగించాడు.

మర్నాటికి పద్మారాణి మడమ సొరకాయంత అయ్యింది. పదిరోజులు సెలవు పెట్టింది. నర్సప్ప వండాడు. పప్పులో ఉప్పు లేదని అనడానికి ఆమె నోరు తెరిస్తే, అతను మంచానికి రెండడుగుల దూరం జరిగి గిన్నె అందించేవాడు. ఎవరో తీసిన ఆ తన్ను వీడియో ఊళ్ళో ఫోన్లన్నీ తిరిగింది. చంద్రశేఖర్ ఆరోగ్య కారణాల వల్ల అధ్యక్ష పదవి వదులుకున్నాడు. పోటీ పడదామని ఎవరికీ అనిపించలేదు కాబట్టి ఆ పదవి ఆమెకే వచ్చింది.

ఈ మధ్య హైదరాబాద్‌లో ఏదో సంస్థ మురహరికి జీవిత సాఫల్య పురస్కారం ఇస్తామని, చేసిన సినిమాల జాబితా రాసి పంపమందట. ఆయనకు అరవై దాకానే గుర్తుకొచ్చాయి. ఆదివారం మధ్యాహ్నాలు ఫోన్ చేస్తున్నాడు. ఆమె చర్చి నుంచి వచ్చి, బియ్యం ఏరుకుంటూ, ఫోను స్పీకరులో పెట్టి సంవత్సరాల వారీగా చెబుతుంది.

"అరవై ఏడోది, 'అడవిలో అర్జునప్ప'. రాసుకున్నరా?"

"అది వదిలేద్దాం పద్మా. అందులో ఎలుగుబంటితో ఫైటు. ఎలుగుబంటి జిప్పు కనిపిస్తుంది."

"రెండుసార్లు కనిపిస్తది సార్. రాయుండ్రి."

"పరువు పోతుందమ్మా."

"అయిదుసార్లు చూసిన నేను దాన్ని. మీరు చేసిండ్రు, నేను చూసిన, ఇద్దరికి పోతది పరువు. రాయుండ్రి సార్."

అవతల కలం కాగితం మీద గీసుకుంటున్న శబ్దం వినిపించింది.